ఇంటివాళ్ళ పండ్లపొడి

ఉదయం ఏడూ ఇరవైకి కర్నూలు స్టేషన్‌లో రైలు దిగిన కిరణ్‌కుమార్‌ను ఇంటికి పోనివ్వకుండా పట్టుకుంది భీమక్క.

"పొద్దున్నే తోముకునే తిరుమలయ్య పండ్లపొడి వాళ్ళ మనవడివి నువ్వే కదా నాయనా?"

"నేనే. మీరెవరు?"

"నా పేరు భీమక్క. ముప్పై రెండేండ్లు పోలీసు కొలువు చేసి దిగిపోయినా. ఇప్పుడు జనాల ఇండ్లల్లో చిక్కులు విప్పుతాండా. నీ పెండ్లాం యామిని నాకు ఫోన్ చేసింది."

కిరణ్ భుజం మీది సంచీ జారిపోయింది. "యామినికేమైంది అక్కా? బాగుండాది గదా? మూడో నెల ఆ పిల్లకు."

ఆ మాటను భీమక్క మనసులో దాచుకుంది. అనుమానం ఉన్న మొగుడు మొదట అడిగే ప్రశ్న అది కాదు.

"బాగుండాది. రా, టీ తాగుతా మాట్లాడుకుందాం. డోన్ బస్సు యాడికీ పోదులే."

స్టేషన్ బయట టీకొట్టు బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కిరణ్ సంచీలోంచి లవంగాల వాసన ఘాటుగా వస్తోంది.

"ఊరి నుంచి ఎప్పుడు బయలుదేరినావు?"

"పదహారో తేదీ మధ్యాహ్నం. లవంగాలు బేరం చేసేదానికి కేరళ పోయినా."

"ఆ రోజు సాయంత్రం ఐదింటికే మీ అమ్మ యామినిని కడపకు పంపించింది."

"అవును, ఫోన్లో చెప్పింది. వాంతులు ఎక్కువైనాయి, పుట్టింట్లో నాలుగు రోజులుంటే బాగుంటాదని."

"నీకట్ల చెప్పింది. అసలు సంగతి వేరే ఉండాది. గ్లాసు కింద పెట్టి విను." భీమక్క గొంతు తగ్గించింది. "మీ అమ్మ దగ్గర రెండు కాగితాలు ఉండాయి. ఒకటి, జనవరి పందొమ్మిదిన నువ్వు చేయించుకున్న పరీక్ష. వీర్యకణాలు నలభై లక్షలు. కోటిన్నర పైన ఉండాలంట. పిల్లలు పుట్టడం కష్టమని రాసినారు. రెండోది యామిని చీరల కింద దొరికింది. ఆ పిల్ల చేతిరాతే. 'నరసింహ, శనివారం, మూడున్నర, కర్నూలు' అని నాలుగు తేదీలు. ఫిబ్రవరి ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది. ఆ నాలుగు శనివారాలూ ఆ పిల్ల మహానందికి పోతాండానని ఇంట్లో చెప్పింది. పోలేదు. కర్నూల్లో దిగింది. దాసన్న కండక్టరును పట్టుకొని రాబట్టినాడు."

"దాసన్న ఎవురు?"

"నాతోపాటు కొలువులో చేరినోడు. కడపలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టినాడు. మీ అమ్మ కుదుర్చుకున్న మనిషి. ఇదంతా రాత్రి వాడే నాకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాడు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి మీ మేనమామ ఆత్మకూరు నుంచి కారు తెస్తాడు. అందరూ కడపకు పోయి, 'ఈ బిడ్డ మావాడిది కాదు, మీ పిల్లను మీరే పెట్టుకోండి' అని చెప్పి వచ్చేస్తారు. ఇప్పుడు చెప్పు నాయనా, నరసింహ ఎవరు?"

కిరణ్ ముఖం ఎర్రబడింది. కోపంతో కాదు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన పిల్లవాడికి వచ్చే ఎరుపు అది.

"నేనే అక్కా."

"ఏందీ?"

"నరసింహ నేనే. పండ్ల డాక్టరు కాడ ఆ పేరు చెప్పినా. నా ఫోన్ అంగట్లో ఎవురు పడితే వాళ్ళు ఎత్తుతారని యామిని నంబరు ఇచ్చినా. ఎప్పుడు రావాలో ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్తాంటిరి. ఆ పిల్ల రాసి పెట్టుకుంటాండె."

"దానికి దొంగపేరు యాలప్పా?"

"మా ప్యాకెట్ మీద జేజినాయన బొమ్మ చూసినారా? ముప్పై రెండు పండ్లూ కనపడతా నవ్వుతాంటాడు. ఆయన మనవడు డాక్టరు ముందర నోరు తెరుసుకొని కూచున్నాడని డోన్‌లో తెలిస్తే మా పొడి ఎవురు కొంటారు? చిగుళ్ళు వాచి, తోముకుంటే నెత్తురు, నొక్కితే చీము. వాసనకు సిగ్గుపడి యామిని దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడతాంటి. రాన్రాను మాట్లాడడమే మానేసినా. ఆ పిల్లే అనింది, 'నేను మాటలాడే మనిషిని పెండ్లి చేసుకున్నా, ఈ మూగోడు యాడి నుంచి వచ్చినాడు? పద డాక్టరు కాడికి' అని. ఇద్దరం వేరే వేరే బస్సుల్లో పోతాంటిమి. సూదంటే నాకు భయం. నా చెయ్యి పట్టుకొని కూచునేది."

భీమక్క టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఫోన్లో ఆ పిల్ల నాకొకటే చెప్పింది. 'నేనేం తప్పు చెయ్యలేదక్కా. నరసింహ ఎవరో మాత్రం చెప్పలేను, ఒట్టు పెట్టినా' అని."

కిరణ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నా తలమీద చెయ్యి పెట్టించి నేనే ఒట్టేయించినా."

"జనవరి కాగితం చూసి కూడా నీకు అనుమానం రాలేదా?"

"కష్టమని రాసినారు గానీ, కాదని రాయలేదు గదక్కా. నెల తప్పిందని ఆ పిల్ల చెప్పిన పొద్దు నేను లెక్కలేమీ వేసుకోలేదు."

భీమక్క గడియారం చూసుకుంది.

"నువ్వు నమ్మితే చాలదు, మీ అమ్మను నమ్మించాల. యామిని నీకు దూరమై ఆరు రోజులు. జనవరిలో చేసిన పరీక్షే మళ్ళా చేయించాలంటే ఆ ఎడం సరిపోతుంది. పద ల్యాబుకు."

"ఇప్పుడా? మీతోనా?"

"నేను బయట కూచుంటాలేప్పా. నీకంటే సిగ్గుపడేవాళ్ళను లాకప్పుల్లో శానామందిని చూసినా."

ఎనిమిదిన్నరకు ల్యాబులో పని అయింది. మధ్యాహ్నం మూడు దాటినాక రిపోర్టు ఫోన్‌కు పంపుతామన్నారు. పదకొండూ నలభైకి ఇద్దరూ డోన్‌లో ఇంటి ముందు దిగారు.

వసారాలో కుర్చీ వేసుకొని దాసన్న ఉగ్గాని తింటున్నాడు. పక్కన ఎర్ర అట్ట ఫైలు. భీమక్కను చూడగానే మిరపకాయ బజ్జీ ఒకటి ఆమె వైపు జరిపాడు.

"వస్తావని తెలుసు భీమక్కా. నీ వంతు తీసి పెట్టినా."

"నీ బజ్జీ తింటా గానీ నీ ఫైలు నమ్మను దాసన్నా."

"ముప్పై రెండేండ్లూ ఇదే మాట చెప్పినావు. ఎన్నిసార్లు గెలిచినావు?"

"నువ్వు తేలిపోయిందని మూసేసిన కేసుల్లో సగం నేను మళ్ళా తవ్వినా. మరిచిపోయినావా?"

కిరణ్ తల్లి సుందరలక్ష్మి లోపలి నుంచి వచ్చింది. యాభై ఎనిమిదేండ్ల మనిషి. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బి ఉన్నాయి. కొడుకును చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలియకుండా ఈ పీడ వదిలిద్దామనుకున్నా నాయనా."

"నరసింహ నేనే అమ్మా," అన్నాడు కిరణ్. నిలబడే చెప్పాడు, మొత్తం చెప్పాడు. చిగుళ్ళు, దొంగపేరు, నాలుగు శనివారాలు, ఒట్టు. చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

సుందరలక్ష్మి స్తంభానికి ఆనుకుంది. దాసన్న ఉగ్గాని గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"సరే. నరసింహ నువ్వేననుకుందాం. మరి జనవరి కాగితం? పిల్లలు కష్టమని రాసిన మనిషి పెండ్లానికి జూన్ నెలాఖరులో ఎట్ల నిలిచింది కడుపు? మధ్యలో మందులేమైనా వాడినావా?"

"లేదు. పండ్లు బాగుచేయించుకున్నానంతే."

దాసన్న గట్టిగా నవ్వాడు. "పండ్లకూ పిల్లలకూ ఏం సంబంధమప్పా? ఎవురికైనా చెప్పు, నవ్వుతారు."

"నీ కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ యాలకు కడతాది?" అంది భీమక్క. "నోరు మాత్రం వేరే ఊర్లో ఉండాదా?"

"నువ్వు డాక్టరువా?"

"కాదు. డాక్టరునే అడుగుదాం. దానికి ముందు ఈ ఇంట్లో పండ్లు తోముకునే చోటు చూడాల."

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన గచ్చు చేసిన బచ్చలి, ఇంట్లోవాళ్ళు ముఖాలు కడుక్కునే చోటు. గోడకు మోకాలెత్తులో ఒక గూడు. గూట్లో రాగి చెంబు, నాలుక గీసుకునే రేకు, మూత మీద తామరపువ్వు చెక్కిన ఇత్తడి డబ్బా. భీమక్క ముందు చెయ్యి పెట్టింది డబ్బా మీద కాదు, నీళ్ళు కాచే బాయిలర్ వెనక్కి. అక్కడ ఖాళీ తిరుమలయ్య పండ్లపొడి ప్యాకెట్ ఒకటి మడిచి ఉంది. లోపల మెత్తటి బ్రష్షు, సగం వాడిన పేస్టు.

"నీదేనా?"

కిరణ్ తలవంచుకున్నాడు. "డాక్టరమ్మ పొడి పూర్తిగా మానేయమనింది. ఫిబ్రవరి ఏడు నుంచి ఇదే."

"మా ప్యాకెట్లోనే దాచినావా!" అంది సుందరలక్ష్మి. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

భీమక్క ఇప్పుడు ఇత్తడి డబ్బా చేతిలోకి తీసుకుంది. "అంగట్లో అన్ని ప్యాకెట్లు ఉంటే ఇంట్లో ఈ డబ్బా యాలకమ్మా?"

"అది ఇంటోళ్ళది. అమ్మేదానికి కాదు. మా మామ తిరుమలయ్య చెప్పినట్ల నా చేత్తో దంచి నింపుతా. నెలలో మొదటి శుక్రవారం తలంటుకొని కూచుంటా."

"ఎవరెవరు వాడతారు?"

"నా కొడుకు, కోడలు. నావి కట్టుడు పండ్లు. నలభై ఐదుకే ఊడిపోయినాయి."

"మీ మామగారివి?"

సుందరలక్ష్మి తడబడింది. "ఆయనవి యాభై నాటికే లేవు. ప్యాకెట్ మీద ఉండేటివి బొమ్మ గీసినాయన పెట్టిన పండ్లు."

దాసన్నకు పొలమారింది. భీమక్క మాత్రం నవ్వలేదు. కర్నూల్లో కిరణ్‌కు పండ్లు బాగుచేసిన డాక్టర్ పద్మప్రియ నంబరు తీసుకొని, అందరికీ వినపడేలా ఫోన్ పెట్టింది. అప్పుడు సమయం పన్నెండూ ఇరవై.

"అవునండీ, నరసింహ అని రాయించుకున్నారు," అంది డాక్టరు. "భార్య పక్కనే కూర్చునేది. ఆయన కంటే ఆమే ఎక్కువ భయపడేది, పైకి కనపడనిచ్చేది కాదు. నాలుగు వారాల్లో చిగుళ్ళ కింద లోతుగా శుభ్రం చేశాను."

"పండ్లకూ పిల్లలకూ సంబంధం ఉండాదా డాక్టరమ్మా?" దాసన్న ముందుకు వంగి అడిగాడు.

"చిగుళ్ళ జబ్బు ముదిరిన మగవాళ్ళలో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గి ఉండటం కొన్ని పరిశోధనల్లో కనిపించింది. చిగుళ్ళ దగ్గర క్రిములు చేరితే ఆ వాపు నోటితో ఆగదు, రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. అయితే అదే కారణమని ఒట్టేసి చెప్పలేం. ఇంకొక మాట. నలభై లక్షలంటే తక్కువే, సున్నా కాదు. ఒకే పరీక్ష చూసి ఎవరినీ తీసిపారేయకూడదు. కొత్త కణాలు తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది."

భీమక్క వేళ్ళు మడిచింది. "ఫిబ్రవరి ఇరవై ఎనిమిది నుంచి జూన్ నెలాఖరుకు నాలుగు నెలలు."

"సరిపోయినంత కాలం," అంది డాక్టరు. "చిగుళ్ళు మానిన తీరు చూస్తే ఆయన పొగాకు మానేశారనిపించింది, అది కూడా బాగా పనిచేసి ఉంటుంది."

కిరణ్ ఉలిక్కిపడ్డాడు. "నాకు పొగాకు అలవాటే లేదు మేడమ్! బీడీ, గుట్కా ఏదీ ముట్టుకోలేదు. ఆ రోజే చెప్పినా మీకు."

"చెప్పారు. నేను నమ్మలేదు. మీ చిగుళ్ళు వేరే చెప్పాయి. ముప్పై రెండేండ్ల మనిషికి అట్లాంటి చిగుళ్ళు పొగాకు నోట్లో పెట్టుకునేవాళ్ళలోనే చూశాను. నాకు చెప్పడానికి మొహమాటపడ్డారనుకొని ఊరుకున్నాను."

ఫోన్ పెట్టేశాక దాసన్న చేతులు రుద్దుకున్నాడు. "చూసినావా భీమక్కా? ఈ పిల్లోడు ఒక అబద్ధం చెప్పినాడు. ఇంకెన్ని చెప్పినాడో!"

"నీ నోట్‌బుక్ ఇయ్యి."

"యాలకు?"

"ఇయ్యప్పా. నీ రాత నాకు అలవాటే కదా."

దాసన్న ఫైల్లోంచి నోట్‌బుక్ తీసిచ్చాడు. భీమక్క పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టి గట్టిగా చదివింది.

"'ఫిబ్రవరి ఎనిమిది నుంచి పదిహేను దినాలు. అంగట్లో పనివాళ్ళ మాట. కిరణ్ ఊరికే కసురుకుంటాండాడు. నిద్ర లేదు. తలనొప్పి. చేతులు వణుకు. పెండ్లాం మీద అనుమానం మొదలైనట్లు ఉంది.' శానా బాగా రాసినావు దాసన్నా. తేదీలన్నీ సరిగ్గా ఉండాయి. అర్థమే తప్పు."

"ఎట్ల?"

"మా ఆయన పద్దెనిమిదేండ్లు నశ్యం పీల్చినాడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు డబ్బీ లాగేసుకున్నారు. పదిహేను దినాలు నా మీద, నర్సమ్మల మీద ఇట్లనే కసురుకున్నాడు. నిద్ర లేదు, తలనొప్పి, చేతులు వణుకు. పొగాకు మానేసిన మనిషి పడే బాధ ఇది. కిరణ్ ఫిబ్రవరి ఏడున మానేసింది ఒక్కటే."

ఆమె ఇత్తడి డబ్బా మూత తీసింది. నల్లటి పొడి. లవంగం, ఉప్పు, పటిక. వాటి కింద, బాగా కింద, ఇంకో వాసన. ఆయన పోయి పదకొండేండ్లైనా ఆయన చొక్కాలు పెట్టిన పెట్టె తెరిస్తే ఇప్పటికీ వచ్చే వాసన. భీమక్క డబ్బాను ముక్కుకు దూరంగా జరిపింది.

"సుందరలక్ష్మమ్మా, ఇందులో పొగాకు వేస్తారా?"

"వేస్తాం. వేయించి దంచి వేస్తాం," అంది సుందరలక్ష్మి, అందులో తప్పేమిటో అర్థం కానట్టు. "పాతకాలంలో ప్యాకెట్లలో కూడా వేసేవాళ్ళు. వేయగూడదని చట్టం వచ్చినాక మామ అమ్మేదాంట్లో తీసేసినాడు. 'జనాలకు మామూలుది చాలు, ఇంటోళ్ళకు అసలుదే ఉండాల' అని నాకు చెప్పిపోయినాడు. ఎంత పనున్నా నేను మానలేదు. నా బిడ్డల పండ్లు గట్టిగా ఉండాలని…"

తన నోట్లోని కట్టుడు పండ్లను నాలుకతో తడుముకున్నట్టు ఆమె దవడ కదిలింది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"నా చేత్తోనే పెట్టినానా నాయనా?"

"నీకు తెలీదు కదమ్మా," అని కిరణ్ ఆమె పక్కన కూర్చున్నాడు.

మూడూ పదికి, అందరూ వసారాలో ఉండగా, కిరణ్ ఫోన్ మోగింది. ల్యాబు రిపోర్టు. కిరణ్ చదవలేక భీమక్క చేతికిచ్చాడు. ఆమె దాసన్నకిచ్చింది. "నువ్వే చదువు. నేను చదివితే మళ్ళా తవ్వాలంటావు."

దాసన్న కండ్లద్దాలు పెట్టుకున్నాడు. "కోటి డెబ్బై లక్షలు. కదలిక… మామూలుగా ఉంది అని రాసినారు." ఫోన్ తిరిగిచ్చి, ఎర్ర అట్ట ఫైలు మూసి తాడు కట్టేశాడు. "అయినా భీమక్కా, బిడ్డ ఎవరిదో తేల్చే రక్తపరీక్ష అడిగే హక్కు…"

"ఎవరికుండాది? అడగాల్సిన మొగుడు అడగలేదు. రైలు దిగి మొదట ఆ పిల్ల ఎట్లుందని అడిగినాడు."

దాసన్న ఫైలును చంకలో కాకుండా కుర్చీ కింద పెట్టాడు. ఓడిపోయినప్పుడు అతను చేసే పని అదే. భీమక్కకు తెలుసు.

సుందరలక్ష్మి లేచి ముఖం కడుక్కొని వచ్చింది. "నాలుగింటికి అన్న కారు వస్తాది గదా. కడపకే పోదాం. నా కోడల్ని నేను తెచ్చుకుంటా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

అందరి ముఖాలూ తేలికపడ్డాయి. ఒక్క భీమక్క మాత్రం ఇత్తడి డబ్బాలోకే చూస్తోంది. సగానికి పైగా ఖాళీ అయి ఉంది.

"అమ్మా, ఈ డబ్బా నెలకు ఒకసారేనా నింపేది? ఈ ఆరు నెలల్లో ఎప్పుడైనా మిగిలిందా?"

"లేదే. ఎప్పటి మాదిరే ఖాళీ అయితాండె."

"వాడేది ఇద్దరు. కిరణ్ ఫిబ్రవరిలో మానేసినాడు. అంటే సగం మిగలాల. మిగిలుంటే మీరు కనిపెట్టేవాళ్ళు. కొడుకు మానేసినాడని అప్పుడే అడిగేవాళ్ళు."

కిరణ్ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నీ రహస్యం బయట పడకూడదని నీ భాగం కూడా ఆ పిల్లే తోముకుంది నాయనా. ఆరు నెలలుగా. కడుపుతో ఉండి కూడా."

సుందరలక్ష్మి భీమక్క చేతిలోంచి డబ్బా తీసుకుంది.

"కడపకు పోయేటప్పుడు…" అంది. "కోపంగా ఉన్నా గానీ… పిల్ల అక్కడ ప్యాకెట్ పొడి వాడాల్సి వస్తాదే అని, పెట్టెలో ఒక డబ్బా నిండా పెట్టి పంపినా."

భీమక్క అప్పటికే ఫోన్ కలుపుతోంది. మూడూ నలభై ఒకటి. రెండుసార్లు మోగింది, మూడుసార్లు మోగింది. ఐదోసారికి ఎత్తారు. సుందరలక్ష్మి ఫోన్ లాక్కుంది.

"యామినీ! అమ్మా, నేను!"

అవతల గొంతు ముద్దగా వచ్చింది. "అత్తా… ఒక్క నిమిషం… పండ్లు తోముకుంటాండా."

"ఉమ్మెయ్! ఉమ్మెయ్యి తల్లీ! ఆ పొడి నోట్లో పెట్టగాకు! ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించు!"

నీళ్ళ చప్పుడు. చెంబు గచ్చు మీద పెట్టిన చప్పుడు.

"ఉమ్మేసినా అత్తా. ఏమైంది? యాలకు ఏడుస్తాండారు?"

"ఇంక ఆ డబ్బా ముట్టుకోగాకు. నీ మీద నాకేం కోపం లేదు. నరసింహ ఎవరో తెలిసింది. వాడు ఈడనే నా పక్కనే నిలబడి ఉండాడు. రోజుకు ఎన్నిసార్లు తోముకుంటాండావు?"

అవతల యామిని చిన్నగా నవ్వినట్టో ఏడ్చినట్టో వినపడింది. "మూడుసార్లు అత్తా. వాంతులకు నోరు చేదుగా ఉండాది. అది పెట్టుకోకుంటే తలనొప్పి కూడా వస్తాండాది." గొంతు బాగా తగ్గించింది. "అత్తా, ఇంట్లో ఎవురికీ చెప్పలేదు. మీరు కోపంగా ఉన్నారని మీకూ చెప్పలేదు. పొద్దున్నించి నెత్తురు కనపడతాండాది."

"చిగుళ్ళల్లో నుంచేనా అమ్మా?"

"కాదత్తా."

సుందరలక్ష్మి చేతిలోంచి ఫోన్ జారుతుంటే భీమక్క పట్టుకుంది. "యామినీ, నేను భీమక్కను. భయపడగాకు. మీ అమ్మను పిలువు. పడుకొనే ఆసుపత్రికి పోవాల, నడవగాకు. ఆ పొడి డబ్బా కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించు."

వీధిలో కారు హారన్ మోగింది. ఇంకా నాలుగు కాలేదు. సుందరలక్ష్మి చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి గుమ్మం వైపు పరుగెత్తింది. ఆమె వెనక కిరణ్. దాసన్న వాళ్ళిద్దరినీ దాటుకొని ముందుకు పోయి డ్రైవరు తలుపు తెరిచాడు.

"కడపలో ప్రతి సందూ నాకు తెలుసు. తాళం నాకియ్యండప్పా!"

ఎర్ర అట్ట ఫైలు కుర్చీ కిందనే ఉండిపోయింది.